మూపురం ఎక్కడ ఉండాలో చెప్పండి

డిజిటల్ బొమ్మల శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎలా గీయాలని అడిగినవి తక్కువ. తెలిసినవాళ్లు గీసి పెట్టిన బొమ్మ చూసి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అని అడిగినవే ఎక్కువ. నాలుగింటికి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా తమ్ముడి కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. ఫోన్‌లో ఐబిస్ పెయింట్ అనే బొమ్మల యాప్ వేసుకుని, వేలితోనే ఒంగోలు గిత్తను గీసి బొమ్మల గ్రూపులో పెట్టాడు. అందరూ ‘సూపర్’, ‘కేక’ అన్నారు. నాకు మాత్రం అది గిత్తలా లేదనిపించింది. వాడు నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి? బొమ్మ పంపుతున్నాను, చూడండి. – ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: చూశామమ్మా. మీకు అనిపించింది నిజమే. కానీ ‘గిత్తలా లేదు’ అంటే ఆ అబ్బాయి ఏం చేయాలి? ‘సూపర్’ అన్న మాటతో ఎంత ఉపయోగమో దీనితోనూ అంతే. ఏ భాగం ఎక్కడికి జరిగిందో, దాన్ని ఎలా వెనక్కి తేవాలో చెబితే ఆ సాయంత్రమే సరిచేసుకుంటాడు.

చెప్పే ముందు రెండు సంగతులు అడగండి. ఒకటి, అచ్చం గిత్తలా ఉండాలని గీశాడా, లేక కార్టూన్‌లా గీశాడా? కార్టూన్ అయితే కొలతల గురించి మాట్లాడటం అనవసరం. రెండు, ఫైలులో లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పరిచే పారదర్శక పొరలు, విడివిడిగా ఉన్నాయా, అన్నీ కలిపేశాడా? గీతలు ఒక లేయర్లో, రంగులు ఇంకో లేయర్లో ఉంటే దిద్దడం పది నిమిషాల పని. అన్నీ ఒకే లేయర్లో కలిసిపోతే మూపురం జరిపినచోట ఆకాశానికి కూడా బొక్క పడుతుంది. అప్పుడు ఈ బొమ్మను దిద్దమనకుండా తర్వాతి బొమ్మకు పనికొచ్చే మాట చెప్పడం మేలు.

ఇక బొమ్మలో మాకు కనిపించినవి మూడు. మొదటిది, అన్నిటికన్నా పెద్దది మూపురం. ఒంగోలు గిత్తకు అది భుజాల మీద, అంటే సరిగ్గా ముందుకాళ్ల పైన ఉంటుంది. ఈ బొమ్మలో వీపు మధ్యకు వచ్చేసింది. అందుకే చూడగానే ఒంటె గుర్తుకొస్తోంది. రెండోది వెనక కాలు. పశువు వెనక కాలికి మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చే కీలు దాని మోకాలు కాదు, మన మడమ లాంటిది. అసలు మోకాలు పైన, పొట్ట అంచు దగ్గర ఉంటుంది. అబ్బాయి మనిషి కాలిలా ముందుకు వంచాడు. మూడోది తెలుపు. ఒళ్లంతా పూర్తి తెలుపుతో నింపేసి, అంచుల చుట్టూ ఎయిర్‌బ్రష్‌తో బూడిదరంగు చల్లాడు. వెలుగు ఏ పక్క నుంచి వస్తోందో తెలియడం లేదు, ఒళ్లు దిండులా ఉబ్బినట్టుంది.

తెలుపు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెల్లటి పశువును గీసే కొత్తవాళ్లలో చాలామంది ఇక్కడే ఇబ్బంది పడతారు. మొదటి పూతలోనే బ్రైట్‌నెస్ 100 పెట్టేస్తే ఎండ తగిలే చోట ఇంకా తెల్లగా చేయడానికి ఏమీ మిగలదు. మొదటి పూత 85 దగ్గర వేసి, మూపురం కొనకూ వీపు మీది అంచుకూ మాత్రం 97, 98 వాడాలి. నీడకు పైన కొత్త లేయర్ తెరిచి, క్లిప్పింగ్ (కింది లేయర్లో బొమ్మ ఉన్నంత మేరే రంగు కనిపించే అమరిక) పెట్టి, మల్టిప్లైలో (కింది రంగును ముదురు చేసే పద్ధతి) నీలం కలిసిన లేత బూడిద వేయాలి. ఒపాసిటీ, అంటే లేయర్ ఎంత చిక్కగా కనిపించాలన్న అంకె, 40 నుంచి 60 మధ్య చాలు. పైకి తిరిగిన నీడల్లో ఆకాశం నీలం కనిపిస్తుంది, పొట్ట కింద నేల నుంచి లేచిన మట్టిరంగు కనిపిస్తుంది. గిత్త తల, మెడ, మూపురం దగ్గర ముదురు బూడిద ఉంటుంది కదా, అది ఒంటి రంగు, నీడ కాదు. దాన్ని వేరే లేయర్లో వేసుకుంటే రెండూ కలిసి మురికిగా కనిపించవు.

మూడూ ఒకేసారి చెప్పకండి. ఎప్పుడైనా ఆకారం ముందు, వెలుగు తర్వాత, రంగు ఆ తర్వాత, గీతల నునుపు చివర. కొమ్ముల మీద గీతలు బాగు చేయించాక మూపురం జరపమంటే, తలా మెడా కూడా కదిలి ఆ పనంతా వృథా అవుతుంది. గీతలన్నీ ఒకే లావున ఉన్నాయని అసలు అనవద్దు. వేలికి ఒత్తిడి తేడా ఫోన్‌లో తెలియదు, అందులో అబ్బాయి లోపం లేదు. గీతలు వణుకుతుంటే మాత్రం స్టెబిలైజర్ పెంచుకోమని చెప్పవచ్చు.

మెచ్చుకునే మాట కూడా అంత కచ్చితంగానే ఉండాలి. బాగున్న చోటు వేలుపెట్టి చూపిస్తే తర్వాతి బొమ్మలో దాన్ని చెడగొట్టుకోడు. మేనత్తగా మీరు ఇలా రాయవచ్చు: ‘ముట్టె దగ్గర నలుపు మెల్లగా బూడిదలోకి దిగింది చూడు, అది నిజం గిత్తకు ఉన్నట్టే ఉంది నాన్నా. గంగడోలు మడతలు కూడా కుదిరాయి. మూపురం మాత్రం వెనక్కి పోయింది. గీతల లేయర్లో లాసోతో చుట్టి ముందుకాళ్ల పైకి జరిపి చూడు, మళ్లీ గీయక్కర్లేదు. రంగుల లేయర్లోనూ అంతే జరుపు. అయ్యాక నాకు పంపు.’ మెచ్చుకోలు గ్రూపులో పెట్టండి, మూపురం సంగతి వాడికి విడిగా పంపండి. వెనక కాలు, తెలుపు తర్వాత చూసుకోవచ్చు.

ప్రశ్న: మైపాడు తీరంలో సూర్యోదయం గీశాను. సముద్రం మీద సూర్యుడు, ముందు ఇసుకలో ఒక పడవ. ఒకరు రంగులు చప్పగా ఉన్నాయన్నారు, ఒకరు మరీ ఎక్కువయ్యాయన్నారు, ఇంకొకాయన ‘పడవ అతికించినట్టుంది’ అని ఊరుకున్నారు. ఎవరి మాట వినాలి? – డిగ్రీ విద్యార్థిని, కావలి

జవాబు: మూడో ఆయన మాట వినండి. మొదటి ఇద్దరి మాటా వాళ్ల ఫోన్ల వల్ల వచ్చినది కావచ్చు. రాత్రిపూట కళ్లకు హాయిగా ఉండాలని పెట్టుకునే పసుపు ఫిల్టర్ ఆన్‌లో ఉంటే మీ నీలం చచ్చిపోతుంది. స్క్రీన్ వెలుగు పూర్తిగా పెంచితే నారింజ మండిపోతుంది. రంగుల గురించి మాట్లాడేవాళ్లు ముందు ఆ ఫిల్టర్ తీసేసి, వెలుగు సగానికి పెట్టి చూడాలి. మీరూ రెండు వేర్వేరు ఫోన్లలో చూసి, తర్వాత బొమ్మను ఒకసారి నలుపు తెలుపులోకి మార్చండి. ఇసుక, నీళ్లు, పడవ మూడూ ఒకే బూడిదరంగులో కలిసిపోతే రంగులు మార్చి లాభం లేదు, ముదురు లేతల తేడా పెంచాలి.

పడవ దగ్గర ఏదో తేడా ఉందని ఆయన సరిగ్గానే పట్టుకున్నారు. కారణం చెప్పలేకపోయారు, అంతే. మన తీరం తూర్పు ముఖం. పొద్దున సముద్రం వైపు చూస్తూ నిలబడితే సూర్యుడు పడవకు వెనక ఉంటాడు. కాబట్టి మనవైపు ఉన్న పక్క నీడలో ఉండాలి, పడవ నీడ ఇసుక మీద మన వైపుకే చాచుకోవాలి. మీరు మనవైపు పలకకు పసుపు వెలుగు వేశారు. చూసేవాళ్లకు ఈ తర్కం తెలియకపోయినా, పడవ వేరేచోట నుంచి తెచ్చి పెట్టినట్టు తోస్తుంది. ఇంకొకటి, నీళ్ల మీద మెరుపుదారి పడవ వైపు వాలింది. ఆ దారి ఎప్పుడూ సూర్యుడి నుంచి నిట్టనిలువుగా కిందికి, చూసేవాళ్ల వైపుకే వస్తుంది, పక్కకు వాలదు.

దిద్దే పద్ధతి: పడవ లేయర్ మీద కొత్త లేయర్, క్లిప్పింగ్, మల్టిప్లై, ముదురు ఊదా కలిసిన నీలం, ఒపాసిటీ 60 దగ్గర. దాని మీద ఇంకో లేయర్ తెరిచి, పడవ పై అంచుకు మాత్రం సన్నని నారింజ గీత. అది అంచంతా ఒకే లావున లాగకండి, సూర్యుడికి దగ్గరగా ఉన్నచోట కాస్త వెడల్పు, దూరమయ్యేకొద్దీ మాయమవాలి. చివరగా తడి ఇసుక మీద పడవ నీడ. మొదలు పడవ అడుగును ఆనుకునే ఉండాలి, మధ్యలో సందు మిగిలితే పడవ గాలిలో తేలుతుంది.

ఇకమీదట బొమ్మ పెట్టేటప్పుడే ‘ఇంకా పూర్తి కాలేదు, వెలుగు దిశ సరిగ్గా ఉందా చూడండి’ అని ఒక వాక్యం రాయండి. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అనే వస్తుంది.

ప్రశ్న: నా స్నేహితుడు రొట్టెల పండుగను టాబ్లెట్ మీద గీశాడు. స్వర్ణాల చెరువులో జనం, వెనక దర్గా. జనం ఒకరి మీద ఒకరు ఎక్కి నిలబడినట్టున్నారు. మాటల్లో చెబితే అర్థం కావడం లేదు. అతని బొమ్మ మీదే గీసి చూపించవచ్చా? – నెల్లూరు పాఠకుడు

జవాబు: అడిగి చేయండి. అడక్కుండా ఒకరి బొమ్మ మీద గీస్తే, ఎంత మంచి దిద్దుబాటయినా సగంమంది అవమానంగానే తీసుకుంటారు. వాళ్లను తప్పుపట్టలేం. సరేనంటే కాపీ తీసుకుని, దాని ఒపాసిటీ 40కి తగ్గించి, పైన కొత్త లేయర్లో ఎర్ర గీతలు మాత్రం గీయండి. రంగులు నింపి పూర్తి చేయవద్దు, అలా చేస్తే అది మీ బొమ్మ అయిపోతుంది. అతనికే పంపండి, గ్రూపులో పెట్టకండి.

ఏం గీయాలంటే, ముందు కంటిమట్టం గీత. చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడో అతన్నే అడగండి, నీళ్లలోనా, పైన మెట్ల మీదా? నీళ్లలోనే, అందరితో సమానంగా నిలబడితే ఆ గీత ఇంచుమించు అందరి కళ్ల మీదుగానే పోతుంది. వెనకవాళ్ల తలలు చిన్నవవుతాయి కానీ పైకి ఎగబాకవు. నీటి అంచు ముందువాళ్లకు నడుము దగ్గర ఉంటే, అంతే లోతులో ఉన్న వెనకవాళ్లకూ నడుము దగ్గరే ఉండాలి. మెట్ల మీద నుంచి చూస్తుంటే గీత తలల పైన పోతుంది. ముందు వరస మనిషికి ఒక తలంత ఎత్తున పోతే, వెనక మనిషికి కూడా అతని తల కొలతతో ఒక తలంత ఎత్తునే పోవాలి. మీ స్నేహితుడు ముందు వరసను నీళ్లలో నుంచి, వెనక వరసలను మెట్ల మీద నుంచి చూసినట్టు గీశాడు. అందుకే ఎక్కి నిలబడినట్టున్నారు. ఒక ఎర్ర గీత, ముందొక మనిషి, వెనక ఇద్దరు, అంతే గీసి పంపండి. మిగతా జనాన్ని అతనే సర్దుకుంటాడు.

చేతుల్లో రొట్టెలు ఇచ్చిపుచ్చుకునే తీరు బాగా పట్టాడని కూడా చెప్పండి. ఆ చేతులు గీయడం తేలిక కాదు.

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు. ఫోన్‌లో గీసిన బొమ్మను ప్రింట్ తీయించి గోడకు పెడదామనుకుంటున్నాం. ముందు తప్పులు దిద్దించాలా? – చీమకుర్తి

జవాబు: వద్దండి. ‘బొమ్మలో ఈమె ఎవరు, ఎక్కడికి పోతోంది?’ అని అడిగి కథ చెప్పించుకోండి. ఈ వయసులో కొలతలు దిద్దితే గీయడం మానేస్తారు. మీరు చూడాల్సింది ఫైలు సైజు. 1000 పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మను ఏ4 కాగితం నిండా అచ్చేస్తే అంగుళానికి 120 చుక్కలే వస్తాయి, దగ్గరగా చూస్తే మసక. ఈ బొమ్మను అందులో సగం సైజులో తీయించండి. తర్వాతి బొమ్మకు కాన్వాస్ తెరిచేటప్పుడే 2480, 3508 పిక్సెళ్లు పెట్టి ఇవ్వండి, అది 300 చుక్కల ఏ4. షాపుకు వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.