ముందు ఆ నిద్రమాత్ర సంగతి తేలాలి

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. మల్కాజిగిరిలో ఒక్కడినే ఉంటున్నా. మా ఆవిడ పోయి మూడేళ్లు. ఇంటి వాటా దగ్గర మాటామాటా పెరిగి అబ్బాయితో ఏడాదిన్నరగా మాటల్లేవు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నా. తెల్లవారుజామున మూడింటికే మెలకువ, ఛాతీలో బరువు. తెలిసిన మెడికల్ షాపతను అల్ప్రాజోలం 0.5 ఇచ్చాడు. ఎనిమిది నెలలైంది, ఇప్పుడు రాత్రికి రెండు. అప్పుడప్పుడు రెండు పెగ్గులు. మనసులో మాట బయటపెట్టే అలవాటు లేదు. అబ్బాయితో మాటలు కలిసేదెలా?

జవాబు: అబ్బాయి సంగతి చివర్లో చెప్తాను. మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టింది ఆ రెండు మాత్రలు.

ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. ఎనిమిది నెలల తర్వాత ఒక్కసారిగా ఆపితే వణుకు, చెమటలు, ఫిట్స్ కూడా రావొచ్చు. కల్తీ కల్లులో కలిపేవాటిలో ఈ మాత్ర మందూ ఒకటి. కల్లు దొరకని రోజుల్లో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఎలాంటి స్థితిలో వస్తారో నగరంలో అందరికీ తెలిసిందే. సగానికి తగ్గిద్దామని రెండింటిలో ఒకటి తీసేసినా ఎక్కువే. మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం తగ్గిస్తాం, రెండు వారాల్లో 25 శాతం దాటనివ్వం. నెలలు పడుతుంది. మిమ్మల్ని చూడకుండా మీ లెక్క ఇక్కడ రాయలేను, సైకియాట్రిస్టే వేయాలి. మద్యం మాత్రం ఇవాళ్టి నుంచే ముట్టొద్దు: మాత్ర, మద్యం రెండూ కలిస్తే నిద్రలో శ్వాస మందగిస్తుంది, రాత్రి బాత్రూమ్‌కి లేచి పడితే తుంటి విరుగుతుంది. అన్నట్టు, ఈ మాత్ర షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఎవరికిచ్చారో రిజిస్టరులో రాయాలి. తెలిసినవాడని అడిగి మీరూ తప్పు చేశారు, ఇచ్చి అతనూ చేశాడు.

మూడింటి మెలకువ డిప్రెషన్‌ది కావచ్చు, మాత్ర ప్రభావం దిగిపోవడమూ కావచ్చు. మగవాళ్లు 'దిగులుగా ఉంది' అనరు. గ్యాస్ అంటారు, నడుం అంటారు, అయినదానికీ కానిదానికీ చిరాకు పడతారు. అలాగని ఛాతీ బరువును మనసు మీదికి నెట్టేయొద్దు. మీ వయసుకు, మీ షుగర్‌కు ముందు ఈసీజీ. ఆ బరువు చెయ్యికో దవడకో పాకినా, చెమటలు పట్టినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 కూడా చూపించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గుతుంది, నీరసం, దిగులు దానివల్లా వస్తాయి.

బతకాలనిపించడం లేదా? మీరు రాయలేదు, నేను అడగక తప్పదు. అవునంటే రేపటిదాకా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు.

నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసుకెళ్లండి: ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, మాత్రలెన్ని, పెగ్గులెన్ని, బరువెంత తగ్గారు. వారం రోజులవి చాలు. కాగితం చూస్తే మిగతావి డాక్టరే అడుగుతారు.

ఇక అబ్బాయి. వాటా మాటెత్తకుండా, పగటిపూట, రెండే లైన్లు మెసేజ్ పెట్టండి: 'నిద్రమాత్రలు మానడానికి డాక్టరు దగ్గరికి పోతున్నా. బుధవారం పొద్దున నువ్వు తోడు రాగలవా?' క్షమాపణలు, లెక్కలు తర్వాత చూసుకోవచ్చు. జవాబు రాకపోతే మళ్లీ మళ్లీ పెట్టొద్దు, బుధవారం వాయిదా వేయనూ వద్దు. పక్కింటాయన్ని తోడు తీసుకుని, మాత్రల స్ట్రిప్పు జేబులో వేసుకుని బయల్దేరండి.