దేశం కోసమంటే ఫోను ఇచ్చేయాలా?

ప్రశ్న: మా తమ్ముడు ఆర్మీలో ఉన్నాడు. మొన్న సెలవుకి వచ్చినప్పుడు ఫోన్ల మీద నిఘా గురించి మాటొస్తే, ‘దేశ భద్రత కోసం చూస్తే తప్పేంటక్కా, తప్పు చేయనోళ్లకు భయమెందుకు’ అన్నాడు. నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు, జవాబూ తోచలేదు. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: దేశాన్ని కాసే మనిషి అన్న మాట కదా, తేలిగ్గా కొట్టిపారేయలేం. దాడులు నిజంగానే జరుగుతున్నాయి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగితే చాలా రోజులు పనంతా కాగితాల మీదే నడిపారు. డయాలసిస్ కోసం ఆస్పత్రుల చుట్టూ తిరిగే మన ఉద్దానం కుటుంబాలకు అలాంటి రోజు ఒక్కటి ఎదురైనా ఎంత టెన్షనో వేరే చెప్పక్కర్లేదు. కానీ అక్కడ కావలసింది సర్వర్లకు గట్టి రక్షణ, సరైన బ్యాకప్పులు, అంతేగానీ మీ వాట్సాప్ చదివితే ఆ దాడి ఆగేది కాదు. 2022 ఏప్రిల్‌లో, సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్, దాడి జరిగితే 6 గంటల్లో తమకు చెప్పాలని కంపెనీలను ఆదేశించింది. అది మంచి పని. అదే ఆదేశంలో, ఇంటర్నెట్‌లో మన జాడ బయటపడకుండా దాచే వీపీఎన్ సేవల కంపెనీలు కస్టమర్ల వివరాలు 5 ఏళ్లు దాచాలన్నారు చూడండి, అది మాత్రం నాకు నచ్చలేదు, ఎందుకంటే పోగుచేసి పెట్టిన వివరాలే రేపు దొంగలకు పని సులువు చేస్తాయి.

అసలు నా పేచీ వేరే చోట ఉంది. ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద మన మెసేజీలు చూడటానికి అనుమతి ఇచ్చేది కేంద్రంలోనో రాష్ట్రంలోనో హోం కార్యదర్శి. ఆ అనుమతి సరైనదో కాదో చూసే సమీక్ష కమిటీలోనూ ఉన్నతాధికారులే. జడ్జి లేరు, చూశారని మనకు చెప్పేవాళ్లూ లేరు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని, దాన్ని తగ్గించాలంటే చట్టం ఉండాలని, అవసరానికి మించి పోకూడదని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం చెప్పింది. ఫోన్లలోకి దొంగచాటుగా చొరబడే పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ కేసులో 2021లో, దేశ భద్రత పేరు ఎత్తినంత మాత్రాన ప్రభుత్వానికి ప్రతిసారీ ఫ్రీ పాస్ దొరకదని కూడా అంది. నిఘా అవసరమైన చోట పెట్టనివ్వండి, కానీ ముందు ఒక జడ్జి సంతకం ఉండాలి. నేను అడిగేది అదొక్కటే, దాంతో దేశానికి వచ్చే నష్టమేమీ నాకు కనబడటం లేదు.

ఇక ‘తప్పు చేయనోళ్లకు భయమెందుకు’ అన్నదానికి మీ తమ్ముడి సైన్యమే జవాబు చెప్పింది. 2020 జులైలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌తో కలిపి 89 యాప్‌లు తీసేయమని ఆర్మీ తన జవాన్లకు చెప్పింది. వాళ్లేం తప్పు చేశారని? వివరాలు చేరకూడని చేతిలో పడితే ఏ తప్పూ చేయనివాళ్లకే ప్రమాదమని ఆర్మీకి బాగా తెలుసు కాబట్టి. ఈ మాట ఆయనతోనే అనిచూడండి.

ప్రశ్న: సిమ్ కోసం ఆధార్ జిరాక్సులు చాలా చోట్ల ఇచ్చాను. నా పేరు మీద ఇంకెవరైనా సిమ్ తీసుకుంటే తెలిసేదెలా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో మీ నంబరు, ఓటీపీ కొడితే మీ పేరు మీదున్న నంబర్లన్నీ కనిపిస్తాయి. మీది కానిదుంటే అక్కడే ఫిర్యాదు పెట్టొచ్చు. దీనికే ఉన్న యాప్‌ను కొత్త ఫోన్లన్నిటిలో తప్పనిసరిగా పెట్టాలని 2025 నవంబరులో కేంద్రం ఆదేశించి, గొడవ రేగాక కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. మనకు పనికొచ్చేదే, కాబట్టి మనంతట మనమే వాడుకుందాం. ఇకమీదట అవకాశమున్న చోట చివరి 4 అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. డబ్బు గానీ పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.