బుల్లెట్ బరువు ఒకటే, మరి తుపాకి మందు కూడా అంతేనా?

ప్రశ్న: షూటింగ్ రేంజ్‌లో వాడుకోవడానికి 9 ఎంఎం పిస్టల్ తూటాలు (కేసు, మందు, బుల్లెట్ అన్నీ కలిసినవి) ఇంట్లోనే నింపుకుంటున్నాను. ఇన్నాళ్లూ 124 గ్రెయిన్ల (సుమారు 8 గ్రాముల) రాగి తొడుగు బుల్లెట్లు వాడాను. అదే బరువులో రంగు పూత వేసిన సీసం బుల్లెట్లు చవగ్గా దొరికాయి. మందు కొలత, తూటా మొత్తం పొడవు మార్చకుండా నింపొచ్చా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: వద్దండి. బరువు ఒకటైనా ముక్కు ఆకారం వేరు, పొడవు వేరు, మెత్తదనం వేరు. 9 ఎంఎం తూటా పొడవు 1.169 అంగుళాలు దాటకూడదు. అది గరిష్ఠ హద్దే తప్ప ప్రతి బుల్లెట్‌కీ సరిపడే కొలత కాదు. ముక్కు లావుగా ఉన్న బుల్లెట్ అంతకన్నా చాలా ముందే బ్యారెల్ లోపలి మెలి గాడులకు తగిలేస్తుంది.

ముందు మందు, ప్రైమర్ (మందును అంటించే చిన్న మూత) లేని ఉత్తుత్తి తూటా ఒకటి చేయండి. బ్యారెల్ ఊడదీసి అందులో వేస్తే టక్కున దిగాలి, వేలితో తిప్పితే తిరగాలి, బ్యారెల్ బోర్లిస్తే జారి పడాలి. పట్టేస్తే బుల్లెట్‌ను ఇంకాస్త లోపలికి దించాలి. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. 9 ఎంఎం కేసు (మందు, బుల్లెట్ పట్టే లోహపు గొట్టం) చిన్నది. బుల్లెట్ లోపలికి దిగినకొద్దీ మందుకు మిగిలే ఖాళీ తగ్గి పీడనం గబుక్కున పెరుగుతుంది. ఈ తూటా గరిష్ఠ పీడనం 35,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). కాబట్టి పాత కొలత పక్కన పెట్టి, లోడింగ్ పుస్తకంలో ఆ రకం బుల్లెట్‌కు ఇచ్చిన కనిష్ఠ మందుతో మళ్లీ మొదలుపెట్టండి.

ఇక కేసు మూతి సంగతి. తొడుగు బుల్లెట్ వ్యాసం 0.355 అంగుళాలైతే, సీసానిది సాధారణంగా 0.356. మూతిని మునుపటికన్నా కొంచెం ఎక్కువ విప్పాలి, లేకపోతే అంచు పూతను చెక్కేస్తుంది. చివర్లో విప్పిన మూతిని మళ్లీ నిటారుగా చేస్తే చాలు. మూతి దగ్గర కొలిస్తే 0.378–0.380 రావాలి. బిగువు ఎక్కువైతే మెత్తటి సీసం నలిగి సన్నబడుతుంది, పక్కలనుంచి వాయువు దూసుకుపోయి బ్యారెల్‌లో సీసం పేరుకుంటుంది, టార్గెట్ మీద బుల్లెట్ అడ్డంగా తగిలిన గుర్తులు పడతాయి. అనుమానముంటే సుత్తి పుల్లర్‌తో (సుత్తిలా కొట్టి బుల్లెట్‌ను బయటికి తీసే పనిముట్టు) ఒక బుల్లెట్ ఊడదీసి చూడండి. పూత తెగి చుట్టూ గీత కనిపిస్తే మూతిని బిగించే డై (అచ్చు) వదులు చేయండి. పలచటి రాగి పూత ప్లేటెడ్ బుల్లెట్లకూ ఇదే పరీక్ష.

మీది గ్లాక్ కంపెనీ పిస్టల్ అయితే ఒక మాట: పూత లేని సీసం బుల్లెట్లు వాడొద్దని తయారీదారే చెబుతాడు.

ప్రశ్న: .38 స్పెషల్ రివాల్వర్‌లో ఒక తూటా 'టప్' అని నీరసంగా పేలింది. తర్వాతిది కాల్చొచ్చా?
– ఒక పాఠకురాలు, అట్లాంటా

జవాబు: కాల్చొద్దు. ఆ కేసులో మందు పడి ఉండదు, ప్రైమర్ ఒక్కటే బుల్లెట్‌ను బ్యారెల్‌లోకి నెట్టి వదిలేసి ఉంటుంది. దాని వెనక ఇంకోటి కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, పగలనూ వచ్చు. సిలిండర్ ఖాళీ చేసి కడ్డీ దూర్చి చూడండి.

దీనికి తోబుట్టువు రెండింతల మందు. .38 కేసు పాతకాలపు నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) కాలంలో రూపుదిద్దుకున్నది, లోపల బోలెడు ఖాళీ. ఇప్పటి మందు అడుగున కొంచెమే ఉంటుంది. రెండుసార్లు పడినా పొంగి పొర్లదు. అందుకే మందు పోసిన 50 కేసులనూ చెక్క బ్లాకులో నిలబెట్టి, బుల్లెట్ పెట్టకముందే టార్చి వేసి మట్టం చూడాలి. దీనికి తూకం కన్నా కన్నే నమ్మకం.

ప్రశ్న: సెలవులకు హైదరాబాద్ వస్తున్నాం. రేంజ్‌కు తీసుకెళ్లే బ్యాగులోనే బట్టలు సర్దుకోవచ్చా?
– మరో పాఠకుడు, హ్యూస్టన్

జవాబు: ఆ బ్యాగు ఇంట్లోనే ఉంచేయండి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు, అమ్మితేనే కావాలి. భారత్‌లో 1959 ఆయుధాల చట్టం తూటా భాగాలను, వాటిని తయారుచేసే యంత్రాలను కూడా మందుగుండు కిందే లెక్కవేస్తుంది. బ్యాగు జేబు మూలలో మరిచిన ఒక్క తూటా స్కానర్‌లో కనబడినా విమానాశ్రయం నుంచి పోలీస్ స్టేషన్‌కు వెళ్లాల్సి రావచ్చు.