ఈఎంఐ కట్టగలిగినంత మాత్రాన విహారయాత్రకు స్తోమత ఉన్నట్టు కాదు

ప్రశ్న: మాది హనుమకొండ. నేను ప్రైవేటు కంపెనీలో పనిచేస్తున్నాను. చేతికి 82,000 రూపాయలు వస్తుంది. నా భార్య ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలు. ఆమె జీతం 22,000. పిల్లలకు 11, 7 ఏళ్లు. రక్తపోటు ఉన్న మా అమ్మగారు మాతోనే ఉంటారు. మే నెలలో అయిదుగురం మనాలి వెళ్లి, మంచి హోటల్‌లో ఆరు రాత్రులు ఉండి, పిల్లలతో అక్కడి కొండల్లోని బియాస్ కుండ్ సరస్సు దాకా ట్రెక్ చేయాలన్నది చాలాకాలంగా ఉన్న కోరిక. ఖర్చు 2,40,000 అవుతుందని లెక్క వేశాను. బ్యాంకు యాప్‌లో 15 శాతం వడ్డీకి, 24 నెలలకు అంతే మొత్తం రుణం ముందస్తుగా మంజూరై ఉంది. మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే 5,000 సిప్ ఆపేస్తే ఈఎంఐ సరిపోతుంది. హోటల్‌కు అడ్వాన్సు 30,000 ఈ వారంలోనే కట్టాలి. బ్యాంకులో 60,000 ఉంది. ముందుకు వెళ్లవచ్చా?

సమాధానం: వెళ్లవద్దు. ఈ రుణం తీసుకోవద్దు, ఆ 60,000 ముట్టుకోవద్దు. వేసవి దగ్గర పడేసరికి ఇలాంటి ఉత్తరాలు వరుసగా వస్తాయి. ఊర్ల పేర్లు మారతాయి గానీ, నెలవాయిదా కట్టగలమంటే ఖర్చు భరించగలమన్నట్టే అనుకునే పొరపాటు మాత్రం అన్నింటిలోనూ ఒక్కటే. అందుకే మీ లెక్కను కొంచెం వివరంగా చూస్తాను.

మీరు పంపిన వివరాల ప్రకారం ఇంటి రుణం వాయిదా 31,000, కారు వాయిదా 9,500, ఇంటి ఖర్చు 35,000, పిల్లల ఫీజులూ వ్యానూ కలిపి నెలకు 8,000. ఏ పరిస్థితిలోనూ ఆగని ఖర్చు ఇది, మొత్తం 83,500. దీనికి చిట్టీ 10,000, సిప్ 5,000 కలిపితే 98,500. ఇద్దరి సంపాదన 1,04,000 కాబట్టి మిగిలేది 5,500. సిప్ ఆపినా మీ చేతిలో ఉండేది 10,500 మాత్రమే. 2,40,000కు 15 శాతం చొప్పున 24 నెలల వాయిదా 11,637 అవుతుంది. అంటే మీరు సరిపోతుందన్న ఈఎంఐ మొదటి నెలే 1,137 తక్కువ పడుతుంది. పైగా రెండు శాతం ప్రాసెసింగ్ ఫీజు, దానిమీద జీఎస్టీ కలిపి 5,664 కోసుకున్నాకే డబ్బు మీ ఖాతాలో పడుతుంది. వడ్డీతో కలిపి ఈ అప్పు మీకు దాదాపు 45,000 ఖర్చు పెట్టిస్తుంది. మీరు ఎంచుకున్న హోటల్‌లో ఒక గదికి అయిదు రాత్రుల అద్దె అది. ఒక్క నొక్కుతో డబ్బు అని యాప్ ఊరిస్తుంది గానీ, వాయిదా ఎక్కడి నుంచి వస్తుందో అది అడగదు.

మరొక విషయం మీ లెక్కలో అసలు కనిపించలేదు. చాలా ప్రైవేటు పాఠశాలలు వేసవి సెలవుల జీతాన్ని ఆలస్యంగా ఇస్తాయి, కొన్ని కోత పెడతాయి, కొన్ని ఎగ్గొడతాయి. మీ భార్య పనిచేసే చోట ఆ పద్ధతి ఎలా ఉందో నాకు రాయలేదు. మే నెలాఖరులో కొండల నుంచి తిరిగివచ్చి, జూన్‌లో మొదటి విడత ఫీజు, పుస్తకాలు, యూనిఫారాలు కొనాల్సిన సమయానికి ఆ 22,000 రాకపోతే, కొత్త వాయిదాతో కలిపి మూడు వాయిదాలను ఒక్క జీతం మీద లాగవలసి ఉంటుంది. ఆ నెలలోనే క్రెడిట్ కార్డు బయటికి వస్తుంది. దాని వడ్డీ సాధారణంగా నెలకు మూడున్నర శాతం దాకా ఉంటుంది. అప్పుల ఊబిలో దిగినవారిలో ఎక్కువమందిది ఇదే దారి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆగని ఖర్చు నెలకు 83,500 ఉన్న ఇంటికి ఆరు నెలల అత్యవసర నిధి అంటే 5,01,000. మీ దగ్గర ఉన్నది 60,000, అంటే మూడు వారాలకు సరిపడా మాత్రమే. ఉద్యోగం పోయినా, అమ్మగారికి ఆసుపత్రి అవసరం వచ్చినా, ఇరవై రెండో రోజున మీరు ఎవరి ముందైనా చేయి చాచాలి. అలాంటి ఇంటి నుంచి 30,000 తీసి హోటల్‌కు అడ్వాన్సు కడితే మిగిలేది పది రోజుల నిల్వ.

కొండ ప్రయాణంలో ఈ నిధి మరింత అవసరమవుతుందన్న సంగతి యాత్రా ప్యాకేజీల కాగితాల్లో ఎక్కడా ఉండదు. 2023 జులై వరదల్లో మండి నుంచి మనాలి వెళ్లే జాతీయ రహదారి చాలాచోట్ల కొట్టుకుపోయి వేలమంది పర్యాటకులు అక్కడే చిక్కుకుపోయారు. మే నెలలో అంతటి ప్రమాదం ఉండకపోవచ్చు గానీ, కొండచరియ ఒకటి విరిగిపడి దారి ఒక్క రోజు మూసుకుపోయినా చండీగఢ్‌లో మీ విమానం వెళ్లిపోతుంది. రెండు గదులకు అదనపు అద్దె, అయిదుగురికి ఆఖరి నిమిషపు టికెట్లు జేబులోంచే పెట్టుకోవాలి. మనాలి రెండు వేల మీటర్లకు కాస్త పైన ఉంటుంది. బియాస్ కుండ్ సుమారు 3,700 మీటర్ల ఎత్తు. ఆ ఎత్తులో ఏడేళ్ల పిల్లవాడికి తలనొప్పీ వాంతులూ మొదలైతే వెంటనే కిందికి దింపడమే మార్గం, అప్పటికి గైడ్‌కు ఎంత కట్టారన్నది చూసుకోకూడదు. అందుకే ఇటువంటి యాత్ర బడ్జెట్‌లో ఒక ఖాళీ రోజూ, ముట్టుకోని 40,000 రూపాయలూ తప్పనిసరిగా ఉండాలి. మీ 2,40,000లో అవి లేవు.

బీమా సంగతి కూడా అలాగే ఉంది. ఆఫీసు ఇచ్చిన 3 లక్షల గ్రూపు పాలసీలో మీ నలుగురే ఉన్నారు, అమ్మగారు లేరు. ఉద్యోగం మారిన రోజున ఆ 3 లక్షలు కూడా ఉండవు. అమ్మగారి పేరిట వేరే పాలసీ ఈ నెలలోనే తీసుకోండి, రక్తపోటును దాచకండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు వేచి ఉండే కాలం గరిష్ఠంగా 36 నెలలు కాబట్టి, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై జీఎస్టీ కూడా లేదు. మనాలి దగ్గరి సోలంగ్ లోయలో పారాగ్లైడింగ్ చేయాలన్న ఆలోచన ఉంటే, ప్రమాద బీమా పత్రంలో సాహస క్రీడల మినహాయింపు ఎలా రాశారో ముందే చదవండి. దూరపు ఊళ్లో మీరు చేరిన ఆసుపత్రి నెట్‌వర్క్‌లో లేకపోతే ముందు మీరే కట్టి తరువాత రాబట్టుకోవలసి ఉంటుంది. అప్పుడు కూడా ఆదుకునేది అత్యవసర నిధే.

మీరు అడిగిన మిగతా దారుల గురించి క్లుప్తంగా చెబుతాను. గాజులు తాకట్టు పెట్టి తెచ్చే బంగారు రుణానికి వడ్డీ తక్కువే గానీ, ఆ బంగారం మీ ఇంటి చివరి ఆసరా, యాత్రకు వాడవద్దు. ఇప్పుడే పాట పాడి చిట్టీ ఎత్తవద్దు. ఇంకా 11 నెలలే ఉన్నప్పుడు 42,000 వదులుకోవడం తెలివైన పని కాదు. బావమరిది దగ్గర చేబదులు వద్దు. వడ్డీ లేని ఈఎంఐ అంటూ ట్రావెల్ కంపెనీలు ఇచ్చేవాటిలో వడ్డీని ప్యాకేజీ ధరలోనే కలిపేసే అవకాశం ఎక్కువ.

అయితే మనాలిని మానేయమని నేను చెప్పడం లేదు, వచ్చే ఏడాది దసరా సెలవులకు వాయిదా వేయమంటున్నాను. ఇప్పటినుంచి ప్రతి నెలా మిగిలే 5,500ను నిధిలో వేస్తే, 11 నెలల తరువాత 60,000తో కలిపి 1,20,500 అవుతుంది. అప్పటికి చివరిదాకా ఉంచిన చిట్టీ నుంచి, కమీషన్ పోను, సుమారు 2,85,000 వస్తుంది. ఆపైన చిట్టీకి కట్టే 10,000 కూడా మిగులుతుంది కాబట్టి నెలకు 15,500 చొప్పున ఎనిమిది నెలలు చేరిస్తే దసరా నాటికి 5,29,500. ఇందులోంచి, కింద చెప్పినట్టు ఖర్చు తగ్గించుకుని, యాత్రకు 1,70,000 తీసినా నాలుగు నెలల ఖర్చు మీ దగ్గర నిలుస్తుంది. అప్పటికి వానలు తగ్గుముఖం పడతాయి, మే నెలనాటి గిరాకీ ఉండదు, చిన్నవాడికి నడక ఓపిక కూడా పెరుగుతుంది. విజయదశమి నుంచి మనాలికి దగ్గర్లోని కులూలో దసరా ఉత్సవాలు మొదలవుతాయి కాబట్టి, అంతకు ముందే తిరిగి వచ్చేలా చూసుకుంటే గదులు సులువుగా దొరుకుతాయి.

ఖర్చు తగ్గించడానికి సౌకర్యాన్ని వదులుకోనక్కరలేదు. మీరు ఎంచుకున్న గది అద్దె రాత్రికి 8,500. రెండు గదులు, ఆరు రాత్రులకు 1,02,000 అని రాశారు. రోజుకు 7,500 దాటిన గదికి జీఎస్టీ 18 శాతం కాబట్టి దానిమీద మరో 18,360 పడుతుంది, అది మీ లెక్కలో లేదు. అదే 7,500 గది తీసుకుంటే పన్ను 5 శాతమే. మొత్తం 94,500తో ముగుస్తుంది. వెయ్యి రూపాయలు తక్కువ గదితో దాదాపు 26,000 ఆదా. వెళ్లేటప్పుడు హైదరాబాద్ నుంచి ఢిల్లీ దాకా రైలు ఎక్కితే 75,000 విమాన ఖర్చులో మంచి భాగం తగ్గుతుంది. నాలుగు రాత్రులకు కుదించగలిగితే ఇంకా మేలు. తగ్గించకూడనిది గైడ్ ఖర్చు ఒక్కటే. మొదటి రోజు మనాలి పక్కనున్న వశిష్ఠ్ గ్రామం నుంచి జోగిని జలపాతం దాకా నడిచి, పిల్లలు ఎలా ఉన్నారో చూశాకే బియాస్ కుండ్ సంగతి ఆలోచించండి. వైద్యుణ్ని అడగకుండా అమ్మగారిని రోహ్‌తాంగ్ కనుమకు తీసుకువెళ్లవద్దు. అది దాదాపు నాలుగు వేల మీటర్ల ఎత్తు.

ఈ వేసవిలో పిల్లలకు కొండలు చూపించాలనుకుంటే విశాఖ నుంచి రైల్లో అరకు వెళ్లి రెండు రోజులు ఉండి రండి. జీతంలో మిగిలినదానితో సరిపెట్టుకోండి.

హోటల్ వారికి ఈ వారం 30,000 కట్టవద్దు. మళ్లీ బుక్ చేసేటప్పుడు రద్దు చేసుకుంటే ఎంత తిరిగి వస్తుందో, ఎన్ని రోజుల ముందు చెప్పాలో వారి దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. యాప్‌లో ఆ రుణ ప్రతిపాదన సందేశాలు ఇకమీదట రాకుండా ఆపమని బ్యాంకుకు ఒక అభ్యర్థన కూడా పెట్టండి.