దొంగ నొప్పులా, ఉత్త బిగింపులా?

సందేహం: నేను హనుమకొండలో నర్సును. గర్భిణుల కోసం ఒక కరపత్రం రాస్తున్నాం. పొట్ట ఉన్నట్టుండి గట్టిపడి, కాసేపటికి మామూలయ్యే నొప్పులను వార్డులో ‘దొంగ నొప్పులు’ అంటాం. మొన్న నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒకామె “నేనేమన్న దొంగ నొప్పులు వడుతున్ననా సిస్టర్?” అని కళ్లనీళ్లు పెట్టుకుంది. వీటికే ఇంగ్లిషులో ఉన్న ‘ప్రాక్టీస్ కాంట్రాక్షన్స్’ అన్న పేరును మాలో ఒకరు ‘సాధన సంకోచాలు’ అన్నారు. ఏది రాయాలి? ‘పురుటి’, ‘పురిటి’లలో ఏది ఒప్పు?

సమాధానం: ఆమె నొచ్చుకోవడంలో తప్పేమీ లేదమ్మా. దొంగ నోటు, దొంగ సంతకం అంటే నకిలీవి. కానీ దొంగ నిద్ర, దొంగ ఏడుపు, దొంగ జ్వరం అన్నామంటే మనిషి నటిస్తున్నట్టే. ఒంటికి సంబంధించిన మాట ముందు ‘దొంగ’ చేరితే నింద మనిషి మీదికే పోతుంది. మీరు మొదటి అర్థంలో అన్నారు, ఆమెకు రెండోది వినిపించింది.

‘సాధన సంకోచాలు’ అసలే వద్దు. సంకోచమంటే ముడుచుకోవడమే, కాదనను. సైన్సు పుస్తకంలో వ్యాకోచం పక్కన బాగానే ఉంటుంది. ఇళ్లల్లో మాత్రం సంకోచమంటే వెనకాడటం. మొహమాటపడటం ప్రాక్టీసు చేయాలి కాబోలు అనుకుంటారు!

ఇంకో చిక్కుంది. నడుము నొప్పి, తల నొప్పి అంటే ఎక్కడో చెప్పాలి. “మా బిడ్డకు నొప్పులు షురువైనయి” అంటే ఎక్కడని ఎవరూ అడగరు, ఆటో కోసం చూస్తారు. గర్భిణి విషయంలో ‘నొప్పులు’ అన్న బహువచనానికే కాన్పు అన్న అర్థం పట్టేసింది. ముందు ఏ విశేషణం తగిలించినా ఆ టెన్షన్ పోదు. అందుకని ఆ మాటను అసలు కాన్పుకే వదిలేసి, దీన్ని ‘ఉత్త బిగింపు’ అనండి. ఉత్త అన్నం అంటే అన్నం అబద్ధమని కాదు, కూర లేదని. ఇదీ అంతే: పొట్ట బిగిసిన మాట నిజం, వెంట కాన్పు లేదు. ‘ఉత్తుత్తి’ మాత్రం వద్దు, అది బొమ్మల పెళ్లిలో మాట.

డాక్టర్లు వీటిని ‘బ్రాక్స్‌టన్ హిక్స్’ అంటారు. ఇద్దరనుకునేరు, ఒక్కడే. 1872లో వీటి గురించి రాసిన ఇంగ్లండు వైద్యుడు జాన్ బ్రాక్స్‌టన్ హిక్స్.

పేరు కన్నా క్రియలు ముఖ్యం. ఉత్త బిగింపు ‘వదులుతుంది’: పక్కకు ఒత్తిగిలినా, నాలుగడుగులు వేసినా, నీళ్లు తాగినా, మూత్రానికి వెళ్లొచ్చినా చాలాసార్లు సర్దుకుంటుంది. దానికి వరుస ఉండదు. నొప్పులు ‘దగ్గరపడతాయి’, జోరు పెరుగుతాయి, ఏం చేసినా ఆగవు. 37 వారాలు నిండకముందే వరుసగా వస్తున్నా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా పేరు గురించి ఆలోచించకుండా వెంటనే దవాఖానకు రావాలని పెద్ద అక్షరాల్లో వేయండి. అవసరమైతే 108కి ఫోన్ చేయమనండి. ‘వైద్యశాల’ అని మాత్రం రాయకండి, ఓరుగల్లులో ఎవరూ అలా అనరు.

ఇక పురుడు. ఏరు ‘ఏటి’ అయినట్టే దీనికీ ‘టి’ చేరి ‘పురుటి’ అయింది. అడుగు ‘అడిగి’ అయినట్టు చివరి ఇకారం ముందున్న ఉకారాన్ని లాగి ‘పురిటి’ చేసింది. రెండూ ఒప్పే. నేనైతే ‘పురిటి’ రాస్తాను. మీరు ఏది రాసినా కరపత్రమంతా అదే ఉంచండి.