పుట్టీ పెడితే తుప్పు ఆగుతుందా?

ప్రశ్న: నాన్నగారి 1998 మారుతి 800 ఇంకా మా దగ్గరే ఉంది. ఇల్లు సముద్రానికి దగ్గర. డోర్ల అడుగున రంగు పొంగింది, డ్రైవర్ కాళ్ల కింద రేకుకు చిల్లు పడింది. షెడ్డులో పుట్టీ పెట్టి రంగు కొడతామంటున్నారు. సరేనా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఒప్పుకోకండమ్మా. పుట్టీ తేమను పీల్చుకుంటుంది, దాని కింద తుప్పు రేకును తింటూనే ఉంటుంది. నేనైతే ముందు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తాను. గట్టి రేకు తగిలేదాకా కోయించి, కొత్త ముక్క వెల్డింగ్ చేయించండి. అంతకుముందే బ్యాటరీ వైరు, కార్పెట్ తీయించాలి. కార్పెట్ కింది ఫెల్ట్ ఇట్టే అంటుకుంటుంది. తర్వాత ఎపాక్సీ ప్రైమర్ (రేకుకు గట్టిగా పట్టుకుని తేమను ఆపే తొలి పూత), అతుకుల్లో సీలెంట్ (సందులు మూసే జిగురు), కింద అండర్‌కోటింగ్ (కారు అడుగున వేసే మందపాటి రక్షణ పూత). పుట్టీ పెట్టినా పల్చగా, ప్రైమర్ మీదే.

సీటు బెల్టు, సస్పెన్షన్ బిగించిన చోట్ల రేకు మెత్తబడిందేమో తప్పకుండా చూపించండి. అది ప్రాణాలకు సంబంధించిన విషయం, అక్కడ డబ్బుకు వెనకాడకండి.

ఇక డోర్లు. అద్దం సందులోంచి దిగిన నీళ్లు పోవడానికి అడుగున చిన్న రంధ్రాలుంటాయి. అవి మట్టితో మూసుకుపోతే డోరు లోపల్నుంచే తుప్పు పడుతుంది. ఈ మాట చాలామంది చెప్పరు, నాకదే బాధ. సన్నటి తీగతో పొడిచి తెరవండి, లోపల వ్యాక్స్ స్ప్రే కొట్టించండి.