చెత్త కవికి పట్టాభిషేకం

ప్రశ్న: ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్నానండీ. ఇంగ్లీషు కవి డ్రైడన్ తన కాలపు నాటకకర్త షాడ్వెల్‌ని ఎగతాళి చేస్తూ రాసిన 'మ్యాక్ ఫ్లెక్నో' కవిత మాకు పాఠం. ఎప్పుడో ఇద్దరు రచయితలు తిట్టుకున్న గొడవ ఇప్పుడు మనకెందుకు? పరీక్షంటే టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: గొడవ పక్కన పెట్టి ముందు కథలాగా చదవండమ్మా, సగం టెన్షన్ పోతుంది. అర్థంపర్థం లేని రాతల రాజ్యాన్ని ఏళ్లతరబడి ఏలిన ఫ్లెక్నో ముసలివాడై వారసుణ్ణి వెతుక్కుంటాడు. కొడుకులు బోలెడుమంది ఉన్నా అచ్చం తన పోలికే వచ్చినవాడు షాడ్వెల్ ఒక్కడే, మిగతావాళ్ల రాతల్లో ఎక్కడో కాస్త అర్థం తగులుతుంది గానీ వీడు పొరపాటున కూడా అటువైపు అడుగు వెయ్యడు, కాబట్టి గద్దె వీడిదే అంటాడు. తిట్టంతా మెచ్చుకోలు రూపంలో వస్తోంది చూడండి. మన అలంకారశాస్త్రంలో వ్యాజస్తుతి అంటారే, అదే దారి.

పట్టాభిషేకం దగ్గర మాత్రం నిదానంగా చదవాలి. లండన్‌లో ఊరేగింపు దారిలో తివాచీలు ఉండవు, ఎవరూ కొనని పుస్తకాల చిరిగిన కాగితాలు పరిచి ఉంటాయి, అందులో షాడ్వెల్‌వే దారికి అడ్డం పడేటన్ని. రాజచిహ్నం ఉండాల్సిన ఎడమచేతిలో పెద్ద బీరు ముంత. చివరికి ఫ్లెక్నో ఇంకా మాట్లాడుతుండగానే కాళ్ల కింద తలుపు తెరుచుకుని లోపలికి పడిపోతాడు, ఆయన ముతక అంగీ మాత్రం గాలికి పైకి లేచి కొడుకు మీద వాలుతుంది. ఇంతా కలిపి 217 పాదాలే, ఆసాంతం వీరగాథకి వాడే గంభీరమైన భాష, నవ్వు పుట్టేది ఆ గాంభీర్యంలోంచే.

మన ప్రబంధాల అవతారికల్లో, అంటే ముందుమాటల్లో కూడా పూర్వకవుల స్తుతి తర్వాత కుకవినింద, అంటే చెడ్డ కవుల్ని తిట్టడం, చేసేవాళ్లు, కాకపోతే సాధారణంగా పేర్లు ఎత్తేవాళ్లు కాదు. డ్రైడన్ ఒక మనిషినే పట్టుకున్నాడు. 1682లో అచ్చయినప్పుడు షాడ్వెల్ పేరు పూర్తిగా వెయ్యకపోయినా ఎవరో అందరికీ తెలిసిపోయింది. షాడ్వెల్‌కి అన్యాయం జరిగిందనే నేనంటాను, ఆయన హాస్యనాటకాలు ఆ రోజుల్లో బాగానే ఆడాయి. పైగా క్యాథలిక్‌గా మారిన డ్రైడన్, రాజు మారాక వచ్చిన కొత్త ప్రభుత్వానికి విధేయత ప్రమాణం చెయ్యనన్నాక, 1689లో ఆయన ఆస్థానకవి పదవి దక్కింది ఎవరికో కాదు, షాడ్వెల్‌కే. ఈ ముక్క మీ జవాబులో తప్పకుండా రాయండి.